వన్నెను బట్టి ఆవు జాతిని గుర్తించడం ఎలా?

పాలమూరు, నల్లగొండ ప్రాంతాల పశువుల అంగడిలో కొనేవారి కంటికి ముందు ఆనేది రంగే అయినా, ఎక్కువగా మోసపుచ్చేదీ అదే కాబట్టి, దాన్ని చివరికి ఉంచుకొని పరిశీలించడం మేలు.

1. పశువు పక్కన కొంచెం దూరంగా నిలబడి ఆకారం చూడండి. మూపురం లేచి, గంగడోలు (మెడ కింది తోలు) మడతలుగా వేలాడితే అది దేశవాళీ పశువు. మూపురం దాదాపు కనిపించక, వీపు గీత తిన్నగా సాగితే జెర్సీ లేదా హోల్‌స్టీన్ వంటి విదేశీ జాతి రక్తం కలిసిందని అనుమానించాలి.

2. వెంట్రుకలను వేలితో పాయ తీసి తోలు చూడండి. హోల్‌స్టీన్ ఆవు తెల్ల మచ్చల కింద తోలు గులాబీ రంగులో ఉంటుంది. ఒంగోలు పశువుకు తెల్లని వెంట్రుకల కింద నల్లని తోలు ఉంటుంది. చల్క నేలల ఎర్రమట్టి అంటిన పశువైతే, కడిగించాకే ఈ పని చేయాలి.

3. ఇప్పుడు రంగు దగ్గరకు రండి. ఒంగోలు ఆబోతుకు వయసు వచ్చాక తల, మెడ, మూపురం ముదురు బూడిద రంగుకు తిరుగుతాయి కనుక, ఆ నలుపును చూసి సంకరమని తోసిపుచ్చకూడదు. దేవణి అనే దేశవాళీ జాతిలో మూడు తీరులున్నాయి: పూర్తి తెలుపు, తెల్లని ఒంటికి నల్లని ముఖం, తెలుపుపై క్రమం లేని నల్లమచ్చలు. నాందేడ్ వైపు నుంచి వచ్చే ఎర్ర కంధారి పేరుకు తగ్గట్టు ఎరుపే.

మన ప్రాంతపు సొంత జాతి పొడ తూర్పు. అమ్రాబాద్ చుట్టుపక్కల నల్లమల అడవుల్లో మేసే ఈ పశువులకు తెల్లని ఒంటిపై గోధుమ మచ్చలో, గోధుమ ఒంటిపై తెల్ల మచ్చలో ఉంటాయి. తెలంగాణ నుంచి జాతీయ స్థాయిలో నమోదైన మొదటి పశుజాతి ఇదే. మచ్చల దేవణితో దీన్ని పొరబడేవారు మచ్చ రంగు చూస్తే చాలు, అక్కడ నలుపు, ఇక్కడ గోధుమ. మచ్చల అమరికను మాత్రం పట్టించుకోకండి. పిండదశలో రంగు కణాలు ఒంటిపై విస్తరించే తీరును బట్టి అది ఏర్పడుతుంది కాబట్టి, ఒకే తల్లి దూడల్లోనూ ఒకలా ఉండదు. ఫలానా చోట మచ్చ ఉంటేనే అసలు జాతి అని బేరం పెంచే మాటను నేనైతే లెక్కలోకి తీసుకోను.

4. లేగదూడను కొంటుంటే తల్లిని చూపమని అడగండి. తెలుపు, బూడిద వన్నె దేశవాళీ జాతుల లేగలు చాలావరకు ఎర్రటి ఛాయతో పుట్టి, కొన్ని నెలల్లో రంగు మారతాయి.

5. ఇంకా సందేహముంటే చెవికి వేసిన పసుపు ట్యాగుపై ఉన్న 12 అంకెల సంఖ్యను రాసుకొని, దగ్గరి పశువైద్యశాలలో చూపండి. ట్యాగు వేసినప్పుడు నమోదు చేసిన జాతి వివరం ఆ సంఖ్యతో తెలుస్తుంది.