ముందు డబ్బా, తర్వాతే గ్రాఫ్: చార్మ్ క్వార్కుల సిమ్యులేషన్

కావలిలో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి వచ్చే పిల్లలంతా మొదటిరోజే డీ మీసాన్ల (చార్మ్ క్వార్కు ఉన్న కణాల) ఆర్ఏఏ గ్రాఫ్ కావాలంటారు. సీసం-సీసం కేంద్రకాలు ఢీకొన్నప్పుడు వచ్చిన మీసాన్లను, ప్రోటాన్ ఢీల లెక్కన రావాల్సిన వాటితో భాగిస్తే వచ్చేదే ఆర్ఏఏ. పెద్ద కంప్యూటర్లేం అక్కర్లేదు, పైథాన్ ఉన్న పాత లాప్‌టాప్ చాలు. కాకపోతే మధ్యాహ్నం కరెంటు పోతుంది కాబట్టి ఫలితాలు మధ్యమధ్యలో సేవ్ చేసుకోండి.

నేను మాత్రం ముందు డబ్బా కట్టమంటాను, అంటే ఆ ఢీలో పుట్టే క్వార్కు-గ్లూవాన్ల వేడి ద్రవానికి కంప్యూటర్లో ఓ నమూనా. 0.3 జీఈవీ ఉష్ణోగ్రత, అది మారదు (జీఈవీ అంటే వందకోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు; ఉష్ణోగ్రత, ద్రవ్యరాశి, ద్రవ్యవేగం అన్నీ అందులోనే). అందులో 1.5 జీఈవీ ద్రవ్యరాశి గల చార్మ్ క్వార్కులను ఓ పదివేలు వదలండి, ఒక్కోదానికి 10 జీఈవీ ద్రవ్యవేగం ఇచ్చి. రొట్టెల పండగ రోజు స్వర్ణాల చెరువు దగ్గర జనంలో పడ్డ భారీ మనిషి ఎలా నడుస్తాడో ఇవీ అంతే: ఎదురు ఒరిపిడి, పక్కల నుంచి తోపులు. లాంజెవిన్ సమీకరణంలో ఉన్నది ఈ రెండే.

తోపుల బలం చెప్పే కప్పా విలువ ఫెర్మీకి 0.43 జీఈవీ వర్గం అనుకోండి (ఫెర్మీ ఇక్కడ కాలానికి కొలత, కాంతి అంత దూరం వెళ్లే సమయం). ఒరిపిడి గుణకం అంటే కప్పాను ఉష్ణోగ్రత, శక్తుల లబ్ధానికి రెట్టింపుతో భాగించడం. తోపు, మూడు దిక్కుల్లోనూ విడివిడిగా, కప్పాని కాలపు అడుగుతో గుణించి వర్గమూలం తీసి గాసియన్ యాదృచ్ఛిక సంఖ్యతో హెచ్చించాలి. అడుగు 0.02 ఫెర్మీ చాలు. 50 ఫెర్మీలు నడిపాక ద్రవ్యవేగ వర్గాన్ని శక్తితో భాగించి సగటు తీయండి. 0.9 రావాలి, అంటే ఉష్ణోగ్రతకి మూడు రెట్లు. ఒరిపిడిలో శక్తి బదులు ద్రవ్యరాశి రాసేస్తే 0.7 లోపే ఆగిపోతుంది. అది చూడకుండా ముందుకెళ్తే టెన్షన్ తర్వాత మీకే.

0.9 వచ్చాక ఉష్ణోగ్రతని కాలం ఘనమూలానికి విలోమంగా దించండి: 0.6 ఫెర్మీ దగ్గర 0.45 జీఈవీ, 0.155 దగ్గర ఆపేయాలి. కప్పా ఉష్ణోగ్రత ఘనంతో మారుతుంది. ఆ ద్రవపు ప్రవాహం ఇందులో లేదు, తర్వాత కలుపుకోవచ్చు.

క్వార్కుల మొదటి స్పెక్ట్రమ్ (ఏ ద్రవ్యవేగం దగ్గర ఎన్ని ఉన్నాయన్న లెక్క) నిటారుగా పడిపోతుంది, కిటుకంతా అక్కడే. ఆరో ఘాతంతో పడేదాంట్లో ప్రతి క్వార్కూ 10 శాతం పోగొట్టుకుంటే ఆర్ఏఏ 0.59కి దిగుతుంది. జెనీవా దగ్గరి ఎల్‌హెచ్‌సీ కొలైడర్లో 5.02 టీఈవీ (వెయ్యి జీఈవీలు ఒక టీఈవీ) దగ్గర, నేరుగా ఢీకొన్నప్పుడు, 6 నుంచి 10 జీఈవీ మధ్య డీ మీసాన్లు సుమారు అయిదో వంతే మిగిలాయని అలీస్ ప్రయోగం కొలిచింది. అంతకు పైన గ్లూవాన్ వికిరణం (క్వార్కు గ్లూవాన్లను వెదజల్లి శక్తి పోగొట్టుకోవడం) ప్రధానం, ఈ కోడ్‌ని అక్కడ నమ్మకండి.

చార్మ్ కన్నా బరువైన బాటమ్ క్వార్కు కోసం ద్రవ్యరాశి 4.8 పెట్టి, కప్పా ముట్టుకోకుండా మళ్లీ నడపండి. చార్మ్‌తో తేడా తక్కువ ద్రవ్యవేగాల దగ్గరే ఎక్కువ కనిపిస్తుంది.