స్టెయిన్‌లెస్ స్టీల్‌కి నైట్రైడింగ్ చేయిస్తున్నారా? ముందు టెంపరేచర్ అడగండి

304, 316 రకాలు మెత్తగా ఉంటాయి, పంపు షాఫ్టైనా వాల్వ్ స్టెమ్మైనా తొందరగా అరిగిపోతుంది, అందుకే నైట్రైడింగ్‌కి, అంటే వేడిలో ఉపరితలంలోకి నైట్రోజన్ ఎక్కించి గట్టిపరిచే ట్రీట్‌మెంట్‌కి పంపిస్తాం. కానీ మామూలు స్టీల్‌కి చేసినట్టే 500 నుంచి 570 డిగ్రీల దగ్గర దీనికీ చేసేస్తే గట్టిదనం బాగా వస్తుంది, తుప్పు పట్టని గుణం మాత్రం పోతుంది.

ఎందుకంటే తుప్పుని ఆపేది పైనున్న పల్చటి క్రోమియం ఆక్సైడ్ పొర, అది నిలవాలంటే లోహంలో సుమారు 10.5 శాతమైనా క్రోమియం కరిగి ఉండాలి. వేడి ఎక్కువైతే నైట్రోజన్ ఆ క్రోమియంతో కలిసి నైట్రైడ్ రేణువులు కట్టేస్తుంది. మొత్తం క్రోమియం అక్కడే ఉంటుంది, పొర కట్టడానికి మాత్రం మిగలదు.

కాబట్టి ఆర్డర్‌లోనే రాయండి: ప్లాస్మా నైట్రైడింగ్ (విద్యుత్‌తో అయాన్లుగా మార్చిన వాయువుతో చేసేది), 400 నుంచి 430 డిగ్రీలు, 450 దాటకూడదు. ఈ వేడిలో నైట్రోజన్ లోహంలో కరిగే ఉండిపోతుంది, దీన్నే ఎస్-ఫేజ్ అంటారు. సుమారు 200 వికర్స్ (గట్టిదనం కొలత) ఉన్న ఉపరితలం 1000 దాటుతుంది, ఉప్పునీటిలో గుంటలు పడటం కూడా తగ్గుతుంది. పొర 10, 20 మైక్రాన్లే వస్తుంది, ఇంకా మందం కావాలని షాపు వాళ్లని ఒత్తిడి చేయకండి, వాళ్లు వేడి పెంచేస్తారు.

గ్రైండింగ్ అంతా ముందే అయిపోవాలి. బాగా వంచిన, లాగిన 304 ముక్కకి అయస్కాంతం అంటుకుంటోందంటే లోపల మార్టెన్‌సైట్ అనే గట్టి, అయస్కాంత గుణమున్న నిర్మాణం ఏర్పడిందన్నమాట, అక్కడ నైట్రైడ్లు తొందరగా వస్తాయి, ముందు సొల్యూషన్ ఎనీలింగ్ (బాగా వేడిచేసి వేగంగా చల్లార్చడం) చేయించండి. 303 అయితే అసలు వద్దు, అందులోని సల్ఫైడ్ల దగ్గరే గుంటలు మొదలవుతాయి. 420, 17-4 పీహెచ్ లాంటి, వేడిచేసి గట్టిపరిచే స్టెయిన్‌లెస్ రకాలకి 450 కూడా ఎక్కువే.

టెస్ట్ తప్పకుండా చేయించాలి, ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు. అదే బ్యాచ్‌లో ఒక శాంపిల్ ముక్క పెట్టించి, కోసి, పాలిష్ చేసి, మార్బుల్స్ రీఏజెంట్ అనే యాసిడ్ ద్రావణంతో ఎచ్ చేయించండి, అంటే పైభాగాన్ని కొద్దిగా తినిపించండి. మైక్రోస్కోప్‌లో పొర తెల్లగా ఉంటే మంచిదే, నల్లబడితే క్రోమియం నైట్రైడ్ వచ్చేసినట్టు. ఆ తర్వాత ట్రీట్‌మెంట్ చేయని ముక్కని పక్కనే పెట్టి సాల్ట్ స్ప్రే టెస్ట్ (ఉప్పునీటి తుంపరలో ఉంచి తుప్పు చూడటం) చేయించండి, పోలిక లేకపోతే ఫలితం అర్థం కాదు.

పొర నల్లబడితే నైట్రిక్ యాసిడ్‌తో పాసివేషన్ (ఆక్సైడ్ పొర మళ్లీ కట్టేలా చేయడం) చేసి సరిచేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, నైట్రైడ్‌లో చిక్కిన క్రోమియం దానితో తిరిగి రాదు. కొలతలు ఒప్పుకుంటే ఆ పొర మొత్తం గ్రైండ్ చేసి తీసేయాలి, లేదంటే కొత్త ముక్క చేయించుకోవాలి.