క్లచ్ పెడల్ తేడాగా ఉందా? గేర్‌బాక్స్ దించే ముందు ఇవి చూసుకోండి

క్లచ్ తొక్కితే ఎప్పటిలా లేదని మెకానిక్‌తో అంటే చాలాచోట్ల వచ్చే మొదటి జవాబు "ప్లేట్లు అయిపోయాయి సార్" అని. నిజమే కావచ్చు. కానీ ప్లేటు, అంటే ఇంజన్ తిప్పుడును గేర్‌బాక్స్‌కు అందించే బిళ్ల, అరిగిపోయిన బండిలో పెడల్ మామూలుగానే ఉండొచ్చు, పెడల్ తేడా చేసిన బండిలో ప్లేటు నిక్షేపంగా ఉండొచ్చు. పాదానికీ ప్లేటుకూ మధ్య చాలా సరంజామా ఉంది: పెడల్ బుష్షులు, స్ప్రింగు, కేబుల్ లేదా ఫ్లూయిడ్ పైపులు, ఫోర్కు, అది నెట్టగానే క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్. వీటిలో చాలావాటిని గేర్‌బాక్స్ కదపకుండానే పరీక్షించవచ్చు. దించారంటే మాత్రం సామాను సంగతి అలా ఉంచి, లేబరే వేలల్లో తేలుతుంది. కాబట్టి బయట మొదలుపెట్టి లోపలికి వెళ్దాం.

1. తేడా ఏమిటో ముందు మీరే తేల్చుకోండి

"ఏదో తేడాగా ఉంది" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. పెడల్ గట్టిపడిందా? మెత్తబడిందా? కిందికి వెళ్లి పైకి రావడం లేదా? బండి కదలడం మొదలయ్యే చోటు, అంటే బైటింగ్ పాయింట్, పైకి జరిగిందా కిందికి దిగిందా? పాదానికి అదురు తెలుస్తోందా? వీటితో పాటు ఇంకో రెండు విషయాలు గమనించండి. తేడా ఒక్కసారిగా వచ్చిందా, నెలల మీద వచ్చిందా? పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కూడా ఉందా, ట్రాఫిక్‌లో నలిగాకే వస్తోందా?

ఒక్కసారిగా వస్తే ఏదో తెగింది, జారింది లేదా కారుతోంది. మెల్లగా వస్తే అరుగుదల, తుప్పు. మెల్లగా గట్టిపడే పెడల్‌ను రోజూ నడిపేవాళ్లు పట్టుకోలేరు, కాలు అలవాటు పడిపోతుంది. బావమరిదో ఫ్రెండో ఒక రౌండు తీసుకెళ్లి "ఏంటి బాబూ ఇంత హార్డ్‌గా ఉంది" అన్నప్పుడు తెలుస్తుంది. అందుకే అనుమానం వస్తే అదే మోడల్ కారు ఇంకొకటి తొక్కి చూడటం మంచిది. డీజిల్ బండి క్లచ్‌ను చిన్న పెట్రోల్ కారుతో పోల్చకండి, అది మొదటి నుంచీ కాస్త బరువుగానే ఉంటుంది.

2. మ్యాట్ తీసి తొక్కండి

నవ్వుకోకండి. ఈ మధ్య అందరూ వేయించుకునే మందపాటి మ్యాట్లు పెడల్ కిందికి జరిగి, పూర్తిగా దిగకుండా అడ్డుకుంటాయి. క్లచ్ సగమే విడుతుంది, రివర్స్ గర్రుమంటుంది, మ్యాట్ చేసిన పనికి క్లచ్ సెట్టు బలవుతుంది. మ్యాట్ తీసేసి, ఇంజన్ ఆపి, పెడల్ నేల దాకా వెళ్తోందో లేదో చూడండి. పెడల్‌ను పక్కలకు కూడా ఊపండి. లొడలొడలాడితే బుష్షు అరిగింది. కిచకిచమంటే పైనున్న ఇరుసు దగ్గర గ్రీజు ఆరిపోయింది. కొన్ని కార్లలో పెడల్ పైభాగంలో సాయపడే స్ప్రింగు ఉంటుంది. అది ఊడినా విరిగినా పెడల్ రాత్రికి రాత్రి గట్టిపడుతుంది, లేదా పూర్తిగా పైకి రాదు. టార్చి వేసి చూస్తే కనిపిస్తుంది.

3. మీది కేబులా, హైడ్రాలిక్కా?

ఇది తెలియకుండా ముందుకు వెళ్లి లాభం లేదు. యజమాని మాన్యువల్‌లో ఉంటుంది. బానెట్ ఎత్తి చూసినా తెలుస్తుంది. క్యాబిన్ గోడలోంచి నల్లటి కేబుల్ వచ్చి గేర్‌బాక్స్ మీది లీవరుకు, మరలున్న కొసతో, నట్టుతో బిగించి ఉంటే కేబుల్ క్లచ్. మారుతి 800, ఆల్టో ఈ రకం. సన్నటి పైపు వెళ్తుంటే హైడ్రాలిక్, ఇన్నోవాలో ఉన్నట్టు. హైడ్రాలిక్ కార్లలో కొన్నింటికి క్లచ్‌కు వేరే ఫ్లూయిడ్ డబ్బా ఉంటుంది. చాలావాటిలో బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా పక్క నుంచే ఒక సన్న గొట్టం క్లచ్‌కు వెళ్తుంది.

4. కేబుల్ అయితే

పెడల్‌ను చేత్తో మెల్లగా నొక్కండి. మొదట కొంత దూరం ఏ బరువూ లేకుండా వెళ్లి, తర్వాత బరువు తగలాలి. ఆ ఖాళీనే ఫ్రీ ప్లే అంటారు. ఎంత ఉండాలో కారును బట్టి మారుతుంది. మాన్యువల్‌లో మిల్లీమీటర్లలో ఇస్తారు, స్కేలు పెట్టి కొలవండి.

ప్లేటు అరిగే కొద్దీ ఈ ఖాళీ తగ్గుతుంది, బైటింగ్ పాయింట్ పైకి జరుగుతుంది. ఖాళీ సున్నా అయితే మీరు కాలు తీసినా రిలీజ్ బేరింగ్ నొక్కుతూనే ఉంటుంది, అలా వదిలేస్తే బాగున్న ప్లేటు కూడా జారడం మొదలుపెడుతుంది. గేర్‌బాక్స్ దగ్గరి నట్టు సర్దితే పది నిమిషాల్లో అయిపోయే పని ఇది. ఖాళీ మరీ ఎక్కువైతే కథ తిరగబడుతుంది: బైటింగ్ పాయింట్ నేలకు దగ్గరవుతుంది, గేర్లు కష్టంగా పడతాయి. తనంతట తానే సర్దుకునే కేబుల్ ఉన్న కార్లలో ఈ లెక్క పనిచేయదు.

గట్టిపడిన పెడల్‌కు కేబుల్ మీదే మొదటి అనుమానం పెట్టుకోవాలి. తొడుగు చిరిగి వాన నీళ్లు దిగితే లోపలి తీగ తుప్పు పడుతుంది, లేదా ఒక్కో పోగు తెగుతూ తొడుగుకు రాసుకుంటుంది. గేర్‌బాక్స్ వైపు కొసను లీవరు నుంచి విప్పించి పెడల్‌ను చేత్తో ఆడించండి. ఒంటరిగా కూడా కేబుల్ బిగుసుకుంటే దోషి దొరికినట్టే. కేబుల్ ఖరీదు క్లచ్ సెట్టులో చిన్న వంతు. కేబుల్ హాయిగా కదిలి, గేర్‌బాక్స్ లీవరు మాత్రం గట్టిగా ఉంటే తప్పు లోపల ఉంది. ఫోర్కు ఇరుసు ఎండిపోయి ఉండాలి, రిలీజ్ బేరింగ్ జారే గొట్టం గరుకెక్కి ఉండాలి, లేదా క్లచ్ ప్లేటును అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు స్ప్రింగు పని అయిపోయి ఉండాలి. ప్లేటు బాగా అరిగినప్పుడు ఆ స్ప్రింగు కోణం మారి తొక్కడానికి బరువెక్కుతుంది కూడా.

5. హైడ్రాలిక్ అయితే

ముందు ఫ్లూయిడ్ స్థాయి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు లెక్క వేస్తారు. బ్రేక్ ప్యాడ్లు అరిగితే డబ్బాలో ఫ్లూయిడ్ తగ్గడం మామూలే కాబట్టి క్లచ్ డబ్బాలో కూడా అంతే అనుకుంటారు. క్లచ్‌లో అలా కాదు. ప్లేటు అరిగితే స్థాయి తగ్గదు, వీసమెత్తు పెరుగుతుంది. వేరే డబ్బా ఉన్న కారులో క్లచ్ ఫ్లూయిడ్ తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. పోసి ఊరుకోకండి, వెతకండి.

వెతకాల్సిన చోట్లు మూడు. పెడల్ పైన, తొక్కితే ఫ్లూయిడ్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌లోకి కడ్డీ వెళ్లే చోట వేలు పెట్టి చూడండి, కార్పెట్ తడిగా ఉందేమో తడమండి. తర్వాత పైపు పొడవునా. తర్వాత గేర్‌బాక్స్ దగ్గర, ఆ ఫ్లూయిడ్ ఒత్తిడితో ఫోర్కును కదిపే స్లేవ్ సిలిండర్ రబ్బరు టోపీ, దాన్ని కాస్త తొలగిస్తే లోపల తడి తెలుస్తుంది. కొన్ని కార్లలో స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపలే, బేరింగ్‌తో కలిసి ఉంటుంది. అది కారితే ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య జాయింటు కింద చుక్కలు పడతాయి. పాపం, ఈ కార్ల వాళ్లకు మాత్రం గేర్‌బాక్స్ దించక తప్పదు.

ఎక్కడా తడి లేదు, పెడల్ మాత్రం స్పాంజిలా మెత్తగా ఉంది. మూడు నాలుగు సార్లు గబగబా పంపు కొట్టండి. బైటింగ్ పాయింట్ పైకి వచ్చి, గేర్లు సులువుగా పడితే లైనులో గాలి ఉండొచ్చు, లేదా మాస్టర్ సిలిండర్ సీలు పోయి ఉండొచ్చు. రెండింటినీ వేరు చేయడానికి బ్లీడింగ్ చేయించండి, అంటే ఎయిర్ తీయించండి. తీయించిన కొన్నాళ్లకే మళ్లీ మెత్తబడితే సీలు మీద పడాలి. ఇంకో పరీక్ష కూడా ఉంది: చదునైన ఖాళీ చోట బ్రేకు మీద కాలు ఉంచి, ఇంజన్ ఆన్‌లో మొదటి గేరు వేసి, క్లచ్ పూర్తిగా తొక్కి ఒక నిమిషం పట్టి ఉంచండి. కాలు కదపకుండానే బండి ముందుకు లాగడం మొదలుపెడితే, మాస్టర్ సీలు దాటి ఫ్లూయిడ్ లోలోపలే వెనక్కి జారుతోంది. ఇలాంటి లీకు బయట ఒక్క చుక్క కూడా చూపించదు.

పొద్దున బాగుండి, అమీర్‌పేట ట్రాఫిక్‌లో గంటసేపు నలిగాక పెడల్ కిందికి దిగిపోతోందా? ఫ్లూయిడ్ వయసు గుర్తు చేసుకోండి. క్లచ్‌లో వాడేది కూడా బ్రేక్ ఫ్లూయిడే. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 (బ్రేక్ ఫ్లూయిడ్‌లో ఒక గ్రేడు) ఫ్లూయిడ్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ ప్రమాణం 140కి పడిపోతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. మరిగితే లైనులో ఆవిరి బుడగలు పుట్టి పెడల్ దిగిపోతుంది. ఏది పోయాలో డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. ఇంజన్ ఆయిల్ లాంటివి పోశారంటే రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి పాడవుతాయి. ఫ్లూయిడ్ చుక్క పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి.

6. ఇప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి రెండు పరీక్షలు

మొదటిది క్లచ్ పూర్తిగా విడుతోందా అని. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా క్లచ్ పూర్తిగా తొక్కి, ఐదారు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. గర్రుమంటే క్లచ్ విడటం లేదు. అప్పుడు పైన చెప్పిన కేబుల్ ఖాళీ, గాలి, సీలు చూడాలి. అవన్నీ సరిగ్గా ఉంటేనే ప్లేటు అతుక్కుంటోందనో, ప్రెషర్ ప్లేటు వంగిందనో అనుకోవాలి.

రెండోది క్లచ్ పూర్తిగా పట్టుకుంటోందా అని. ప్లేటు అయిపోయిందని చెప్పే హక్కు, నా దృష్టిలో, ఈ పరీక్షకే ఉంది. ఖాళీగా, నేరుగా ఉన్న రోడ్డు మీద మూడో నాలుగో గేరులో 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు పైకి ఎగిరి, వేగం దాని వెంట రాకపోతే క్లచ్ జారుతోంది. టర్బో డీజిల్‌లో ఇది టాప్ గేరులో, ఎత్తు ఎక్కేటప్పుడు ముందుగా బయటపడుతుంది. కాలిన వాసన కూడా వస్తే అనుమానం అక్కర్లేదు. ఒకసారి చూస్తే చాలు, పదే పదే చేస్తే పరీక్షే ప్లేటును తినేస్తుంది. కేబుల్ కారైతే ఈ పరీక్షకు ముందు ఫ్రీ ప్లే సరిచేసి ఉండాలి, లేకపోతే ఫలితం నమ్మలేం.

7. శబ్దం, అదురు

న్యూట్రల్‌లో పెట్టి వినండి. పెడల్ తొక్కితే శబ్దం వచ్చి, వదిలితే పోతే రిలీజ్ బేరింగ్. వదిలినప్పుడు వచ్చి, తొక్కితే పోతే గేర్‌బాక్స్‌లోకి తిప్పుడు తెచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీద అనుమానం. బండి కదిలేటప్పుడు మాత్రమే ఒళ్లంతా అదిరితే ప్లేటు మీద ఆయిల్ పడటం, ప్లేటు ఆనుకునే ఇంజన్ చక్రం, అంటే ఫ్లైవీల్, కాలి మచ్చలు పడటం లాంటివి కారణం కావచ్చు. అయితే ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు చిరిగినా సరిగ్గా ఇలాగే అదురుతుంది. వాటిని చూడటం తేలిక, కాబట్టి ముందు వాటినే చూడమనండి.

ఎప్పుడు నడపకూడదు?

గట్టిపడిన పెడల్‌తో మెకానిక్ దాకా వెళ్లొచ్చు. నేలకు పడిపోయి పైకి రాని పెడల్‌తో వెళ్లకండి. ముఖ్యంగా క్లచ్, బ్రేకు ఒకే డబ్బా పంచుకునే కారులో ఫ్లూయిడ్ కారుతుంటే బ్రేకులు కూడా చూపించే దాకా కదపొద్దు. పెడల్ పడిపోయి బండి నడిరోడ్డులో ఆగిపోతే, హజార్డ్ లైట్లు వేసి, న్యూట్రల్‌లో పక్కకు తోయించుకుని టోయింగ్‌కు ఫోన్ చేయండి.

గేర్‌బాక్స్ దించక తప్పదని తేలితే

క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి మార్పించండి. ఒక్క బేరింగ్ ధర మిగుల్చుకుని మళ్లీ అదే లేబర్ ఇచ్చుకోవడం అనవసరం. విప్పినప్పుడు వెళ్లి కళ్లారా చూడండి, లేదా ఫొటోలు పంపమనండి. పాత ప్లేటులో రివెట్లు పైకి తేలాయా, ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, పగుళ్లు ఉన్నాయా, ఇంజన్ వెనక ఆయిల్ సీలు కారుతోందా అని అడగండి. సీలు కారుతుంటే అప్పుడే మార్చాలి, లేకపోతే కొత్త ప్లేటు కూడా ఆయిల్‌లో తడుస్తుంది.

బండి తీసుకునేటప్పుడు షెడ్డులోనే రివర్స్ పరీక్ష, కేబుల్ అయితే ఫ్రీ ప్లే కొలత మళ్లీ చేయండి. బైటింగ్ పాయింట్ పాత చోట ఉండదు, దానికి కంగారు పడక్కర్లేదు. జారుడు పరీక్ష మాత్రం ఆ రోజు వద్దు. కొత్త ప్లేటు సర్దుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది, అప్పటిదాకా హాఫ్ క్లచ్ మీద ఎత్తులో బండి నిలబెట్టడం మానుకోండి.