ప్లేట్‌లెట్లు తక్కువుంటే: సిజేరియన్ మత్తుకు ముందు జాగ్రత్తలు

అంకె కన్నా ముందు అది ఎప్పటి రిపోర్టో చూడండి. హెల్ప్ సిండ్రోమ్‌లో (గర్భిణుల్లో ఎర్ర రక్తకణాలు చిట్లి, కాలేయం దెబ్బతిని, ప్లేట్‌లెట్లు తగ్గే జబ్బు) కౌంట్ గంటల్లోనే పడిపోతుంది. 6 గంటల లోపుదైతే మేలు. అనుమానం వస్తే స్మియర్ (గాజు పలకపై రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద) చూడమనండి. ట్యూబులో ప్లేట్‌లెట్లు గుంపుకట్టినా మెషిన్ తక్కువే చూపిస్తుంది.

చిగుళ్ల నుంచి రక్తం, కమిలిన మచ్చలు, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడకం: అడగండి.

70,000 పైన ఉండి ఇవేవీ లేకపోతే సాధారణంగా వెన్నుకు మత్తు ఇవ్వొచ్చు. అసలు టెన్షన్ 50,000–70,000 మధ్యే. వెన్నులో రక్తం చేరి నరాలను నొక్కే ప్రమాదం ఒకవైపు, పూర్తి మత్తులో గొంతులో గొట్టం వేయలేకపోయే ప్రమాదం మరోవైపు. శ్వాసమార్గం కష్టంగా కనిపిస్తే నా మొగ్గు సన్న సూదితో ఒక్కసారే ఇచ్చే స్పైనల్‌కే (వెన్ను మత్తుకే). 50,000 కన్నా తక్కువైతే ఎక్కువగా జనరల్ అనస్థీషియానే (పూర్తి మత్తే).

ఆపరేషన్ తర్వాత వెన్ను మత్తు దిగాల్సిన వేళకు కాళ్లలో బలం రాకపోతే ‘ఇంకా మత్తు దిగలేదులే’ అనుకోవద్దు. వెంటనే ఎమ్మారై తీయించండి.