శంషాబాద్ నుంచి రేణిగుంటకు: విమాన దూరం, సమయం లెక్క కట్టడం ఎలా?

పాలమూరు వాళ్లయినా నల్లగొండ వాళ్లయినా తిరుపతికి విమానంలో పోవాలంటే శంషాబాద్‌కే రావాలి. టికెట్ మీద గంటా పది నిమిషాలో, గంటా పావో అని ఉంటుంది. ఆ లెక్క ఎలా వచ్చిందో, ఇంటి నుంచి కొండ దాకా నిజంగా ఎంత పడుతుందో మనమే తేల్చుకోవచ్చు.

ముందు ఎయిర్‌పోర్టు కోడ్‌లు సరిచూసుకోండి. శంషాబాద్‌కు హెచ్‌వైడీ, రేణిగుంటలో ఉన్న తిరుపతి ఎయిర్‌పోర్టుకు టీఐఆర్. తొందరలో టీఆర్‌వీ నొక్కితే తిరువనంతపురం టికెట్ వస్తుంది.

తర్వాత దూరం. రోడ్డు కిలోమీటర్లు ఇక్కడ పనికిరావు, ఆకాశంలో తిన్నగా కొలవాలి. గూగుల్ మ్యాప్స్‌లో ఎయిర్‌పోర్టు మీద వేలు నొక్కి పట్టుకుంటే పిన్ పడుతుంది, దాని వివరాల్లో దూరం కొలిచే ఆప్షన్ ఉంటుంది. కాగితం మీద చేయాలన్నా కష్టమేం కాదు. శంషాబాద్ అక్షాంశం 17.24, రేణిగుంటది 13.63. తేడా 3.61 డిగ్రీలు, డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున సుమారు 400. రేఖాంశాలు 78.43, 79.54. తేడా 1.11. రేఖాంశాలు ఉత్తరానికి పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి ఇక్కడ డిగ్రీకి 107 వేసుకోవాలి, అంటే 119. ఇక బడిలో చదివిన పైథాగరస్సే: రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 417 కిలోమీటర్లు.

మ్యాప్‌లో ఆ గీతను ఓసారి చూడండి. కల్వకుర్తికి కాస్త తూర్పుగా, అచ్చంపేట పక్క నుంచి, శ్రీశైలం దగ్గరగా నల్లమల దాటుతుంది. మహబూబ్‌నగర్ వాళ్లేమో తిరుపతికి వీపు పెట్టి 80 కిలోమీటర్లు ఉత్తరానికి పోయి, మళ్లీ ఉమ్మడి జిల్లా మీదుగానే వెనక్కి ఎగరాలన్నమాట!

శంషాబాద్ రన్‌వే తూర్పు-పడమరలుగా ఉంటుంది. విమానం లేచాక దక్షిణానికి తిరగాలి, దిగేముందు మళ్లీ చుట్టు తిరగాలి. అందుకని ఓ 30 కిలోమీటర్లు కలపండి. ఎయిర్‌బస్ ఏ320 గంటకు సుమారు 830 కిలోమీటర్ల వేగంతో పోతుంది కాబట్టి గాల్లో 32 నిమిషాలు. విమానం నెమ్మదిగా పైకెక్కడం, కిందికి దిగడం, నేల మీద దాని నడక కలిపి ఇంకో అరగంట వేసుకోండి. రెక్కల పంకాలున్న ఏటీఆర్ వేగం 500 దగ్గరే, దానికి గంటా ఇరవై దాకా పట్టొచ్చు. టికెట్ మీది సమయం గేటు వదిలినప్పటి నుంచి అవతల గేటు చేరేదాకా.

ఇక అసలు లెక్క. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా శంషాబాద్‌కు రెండు గంటలు పెట్టుకోండి. నల్లగొండ నుంచి చౌటుప్పల్ మీదుగా వచ్చి ఔటర్ ఎక్కేవాళ్లు ఇంకో అరగంట కలపాలి. రెండు గంటల ముందే ఎయిర్‌పోర్టులో ఉంటే టెన్షన్ ఉండదు. దిగాక బ్యాగులకు అరగంట, ఘాట్ రోడ్డుతో కలిపి తిరుమలకు గంటకు పైనే. మొత్తం ఏడు గంటలు ఎటూ పోవు.

అందుకే టికెట్ కొనేముందు రైళ్లు కూడా చూడండి. మహబూబ్‌నగర్ మీదుగా వెంకటాద్రి, నల్లగొండ మీదుగా నారాయణాద్రి రాత్రిపూట పోతాయి. బెర్తు దొరికితే నా ఓటు రైలుకే. ఒక్క రోజు సెలవుతో వెళ్లిరావాలంటే మాత్రం పొద్దున్నే బయల్దేరే మొదటి విమానం చూసుకోండి, పగలు గడిచేకొద్దీ ఆలస్యాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి.