కొకైన్, మెత్ వ్యసనంలో నిగ్రహం ఎందుకు పట్టు తప్పుతుంది? దాన్ని తిరిగి నిలబెట్టుకునేదెలా?

ఇక ముట్టనని ఒట్టు వేసిన మనిషే మూడో రోజు మళ్లీ దాని కోసం పరుగెత్తితే, ఇంట్లోవాళ్లు ‘బుద్ధి లేదు’ అంటారు. ఆ మనిషీ తన గురించి అలాగే అనుకుంటాడు. కానీ ఒట్టు వేయించిన మెదడు భాగం వేరు, పరుగెత్తించిన భాగం వేరు. ఇది అర్థమైతేనే ఏ పని ముందు చేయాలో తెలుస్తుంది.

నరకణాల మధ్య సన్నని సందులోకి డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుంది. పని అయ్యాక దాన్ని ట్రాన్స్‌పోర్టర్ అనే ప్రోటీన్ వెనక్కి లాగేసుకుంటుంది. కొకైన్ ఆ దారిని మూసేస్తుంది. మెథాంఫెటమిన్ (మెత్) ఇంకా లోపలికి చొరబడి, నిల్వ సంచుల్లోని డోపమైన్‌ను కక్కించి, అదే దారిని తిరగేసి బయటికి పోయిస్తుంది. కొకైన్ మోతాదు రక్తంలో సుమారు గంటకే సగమవుతుంది. మెత్‌కు పది గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది.

డోపమైన్ అంటే సుఖం అని చాలామంది అనుకుంటారు. దాని అసలు పని ‘ఇది ముఖ్యం, గుర్తుపెట్టుకో, మళ్లీ వెళ్లు’ అని నేర్పడం. అందుకే మత్తులో మజా తగ్గిపోయాక కూడా యావ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఇష్టపడటం, కావాలనిపించడం వేర్వేరు వ్యవస్థలని శాస్త్రవేత్తలు రాబిన్సన్, బెరిడ్జ్ 1993లోనే వివరించారు. ఏళ్ల తరబడి వాడినవారి మెదడు స్కాన్లలో డోపమైన్ సందేశాన్ని అందుకునే డీ2 గ్రాహకాలు తగ్గి కనిపిస్తాయి. నుదుటి వెనక ఉండి ‘ఆగు’ అని చెప్పే భాగం మందగిస్తుంది. పాట, తిండి, పిల్లల నవ్వు అన్నీ చప్పగా తోస్తాయి. అంటే గుర్రం బలిసింది, కళ్లెం వదులైంది. కళ్లేన్నే నమ్ముకుని పందెం కాస్తే ఓడిపోతారు. నిర్ణయాలన్నీ యావ లేని వేళే తీసుకుని పెట్టుకోవాలి.

మానేసిన మొదటి ఒకటి రెండు వారాలు విపరీతమైన నిద్ర, ఆకలి, దిగులు ఉంటాయి. అప్పుడు పెద్ద నిర్ణయాలు వద్దు. నిద్రకీ తిండికీ వేళలు పెట్టుకోండి, చాలు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, ఒంటరిగా ఉండకూడదు. దిగులు పోతుందని మద్యం తాగడం పెద్ద పొరపాటు. ఉన్న కాస్త కళ్లేన్నీ అది వదిలేస్తుంది. పైగా కొకైన్‌తో కలిస్తే ఒంట్లో కోకాఎథిలిన్ అనే పదార్థం తయారై గుండెకు మరింత ముప్పు తెస్తుంది.

తర్వాత ఒక వారం పాటు యావ లేచిన ప్రతిసారీ రాయండి: ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరితో, జేబులో ఎంత డబ్బుతో, ఏ మనసుతో. చేతిలో డబ్బు పడిన సాయంత్రం, ఫోన్ తెర మీద వెలిగిన ఒక పేరు, చుట్టిన నోటు, రేకు ముక్క... ఇలాంటివే పదేపదే తేలతాయి. వాటిని ఒక్కొక్కటిగా తీసేయండి. నంబర్లు చెరిపితే చాలదు, ఆ మనుషులను బ్లాక్ చేయాలి, వీలైతే మీ నంబరే మార్చాలి. జీతం నమ్మకమైన మనిషి చేతికి వెళ్లాలి. యావకీ మత్తుమందుకీ మధ్య కనీసం అరగంట దూరం పెట్టడమే లక్ష్యం, ఎందుకంటే చాలాసార్లు ఆ అల అంతకన్నా ముందే దిగిపోతుంది.

మిగిలిన సందర్భాలకు ‘అప్పుడు ఇది’ వాక్యాలు మూడు రాసుకోండి. ‘జాగ్రత్తగా ఉంటాను’ అన్నది పనికిరాదు, అందులో చేయాల్సిన పనే లేదు. ‘రాత్రి ఆ ఫోన్ వస్తే ఎత్తను, అక్కకు ఫోన్ చేసి, చెప్పులు వేసుకుని బయటికి నడుస్తాను’ అన్నది పనిచేస్తుంది. అల లేచినప్పుడు ఇరవై నిమిషాలకు టైమర్ పెట్టి, ఐదు నిమిషాలకోసారి యావకు సున్నా నుంచి పది దాకా మార్కు వేయండి. దానితో కుస్తీ పట్టొద్దు, ఎక్కి దిగడం చూడండి.

కొకైన్, మెత్ వ్యసనానికి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన మందు ఏదీ లేదు. అన్నిటికన్నా గట్టి ఆధారమున్న చికిత్స కంటింజెన్సీ మేనేజ్‌మెంట్. వారానికి రెండు మూడుసార్లు మూత్ర పరీక్ష చేస్తారు. శుభ్రంగా వస్తే అక్కడికక్కడే చిన్న బహుమతి ఇస్తారు. వరుసగా వచ్చేకొద్దీ దాన్ని పెంచుతారు, తప్పితే మొదటికి తెస్తారు. ఈ మత్తుమందుల జాడ మూత్రంలో సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజులు దొరుకుతుంది కాబట్టి వారానికి ఒకే పరీక్ష పెడితే మధ్యలో వాడినది తప్పించుకుంటుంది. ‘నెలాఖరుకు పెద్ద కానుక’ అని ఆశపెడితే ఇది చెడుతుంది, దూరపు లాభం ఈ మెదడుకు కనిపించదు. ఇంట్లో తిట్లు కలిపినా చెడుతుంది.

వ్యాయామాన్ని తక్కువగా చూడకండి. మెత్ మానేసినవారు వారానికి మూడు రోజులు, గంట చొప్పున ఎనిమిది వారాలు చేస్తే డీ2, డీ3 గ్రాహకాలు మెరుగుపడ్డట్టు ఒక చిన్న అధ్యయనంలో తేలింది.

రెండో నెలలో ‘నాకు తగ్గిపోయింది’ అనిపిస్తుంది. అది నమ్మి పాత చోటికి వెళ్లి తమను తాము పరీక్షించుకునేవాళ్లు చాలామంది జారతారు. గుర్తుచేసే వస్తువు ఎదురుపడితే లేచే యావ మొదటి వారాలకన్నా తర్వాతే ఎక్కువవుతుందని ఎలుకలపై 2001లో చూపించారు. అదే ఏడాది శాస్త్రవేత్త నోరా వోల్కో బృందం మెత్ మానేసి ఏడాది దాటినవారి స్కాన్లు తీస్తే ట్రాన్స్‌పోర్టర్లు తిరిగి పెరిగాయి, జ్ఞాపకశక్తి మాత్రం అంతగా కోలుకోలేదు. కాబట్టి లెక్క నెలల్లో వేసుకోండి.

జారితే మొదట ప్రాణం చూసుకోవాలి. మానేశాక ఒంటి తట్టుకునే శక్తి తగ్గుతుంది, పాత మోతాదే చంపగలదు. కొన్నదానిలో ఫెంటానిల్ అనే ప్రాణాంతకమైన మత్తుమందు కలిసి ఉండవచ్చు. ఛాతీ నొప్పి, ఒళ్లు కాలిపోవడం, మూర్ఛ, తెలివి తప్పడం వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గండం గడిచాక అదే రోజు కాగితం తీసుకుని, గడిచిన ఇరవై నాలుగు గంటలను చివరి నుంచి వెనక్కి రాయండి. మత్తుమందు కొన్న క్షణం దగ్గర ఆగకండి. ఇంకా వెనక, దేనికీ సంబంధం లేనట్టుండే చిన్న నిర్ణయం ఒకటి దొరుకుతుంది: వేరే దారిన ఇంటికి రావడమో, మధ్యాహ్నం భోజనం మానేయడమో. తర్వాతి ‘అప్పుడు ఇది’ వాక్యం అక్కడ పెట్టాలి.