చెన్నై వానలు మొదలవ్వకముందే బ్యాకప్‌లు వెళ్లే నెట్ లైన్ సంగతి చూసుకోండి

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇక్కడ ఈశాన్య రుతుపవనాల గోల తెలిసిందే కదా. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫానప్పుడు వేళచ్చేరి, పళ్లికరణై వైపు ఉన్నవాళ్లని అడిగితే చెప్తారు కరెంటు, నెట్ ఎలా పోయాయో. ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డు మీద చిన్న ఆఫీసుల్లో సర్వర్లు చూసుకునే మనోళ్లు చాలామందే ఉన్నారు, బయటి సర్వర్‌కి రాత్రి పెట్టిన బ్యాకప్ పొద్దున చూస్తే సగంలో ఆగిపోయి ఉంటుంది, ఇక నెట్ వాడిని తిట్టడం మొదలు.

తిట్టే ముందు లాగ్ చూడండి. రోజూ దాదాపు ఒకే దగ్గర తెగుతుంటే అది వాన పని కాదు, చాలావరకు ఐడిల్ టైమౌట్, అంటే ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని గడువు దాటాక తీసేయడం. డేటాబేస్ డంప్ తయారవుతున్నంతసేపు లైన్ మీద ఒక్క బైటు కూడా కదలదు, మధ్యలో ఉన్న ఫైర్‌వాలో, లోపలి ఐపీలని బయటి ఐపీగా మార్చే నాట్ డబ్బానో ఈ కనెక్షన్ ఎవరూ వాడట్లేదులే అని తీసి పారేస్తుంది. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో నాట్ గేట్‌వే 350 సెకన్లే ఆగుతుంది, కనెక్షన్ బతికే ఉందా అని పలకరించే లైనక్స్ టీసీపీ కీప్‌అలైవ్ ఏమో డిఫాల్ట్‌గా 7200 సెకన్లకి గానీ నోరు తెరవదు, అంటే రెండు గంటలు! అందుకే ఎస్ఎస్‌హెచ్ (దూరం సర్వర్‌కి భద్రంగా కనెక్ట్ అయ్యే ప్రోగ్రామ్) కాన్ఫిగ్‌లో, ఎన్ని సెకన్లకోసారి పలకరించాలో చెప్పే సర్వర్ అలైవ్ ఇంటర్వెల్ 60 పెట్టండి. అయితే జవాబు రాని పలకరింపులు ఎన్నిటిదాకా ఓపిక పట్టాలో చెప్పే సర్వర్ అలైవ్ కౌంట్ మ్యాక్స్ డిఫాల్ట్ 3, అలాగే వదిలేస్తే లైన్ మూడు నిమిషాలు పోయిందంటే ఎస్ఎస్‌హెచ్చే కనెక్షన్ కోసేస్తుంది, వానల్లో అంతసేపు పోయి రావడం మామూలే కాబట్టి దాన్ని 10 చేయండి.

ఇంకోటి, లాగిన్ బానే అయ్యి చిన్న ఫైళ్లు వెళ్లి పెద్దవి మాత్రం బిగుసుకుపోతే ఎంటీయూ (ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ సైజు) మీద అనుమానపడండి, ముఖ్యంగా వీపీఎన్ (నెట్ మీదుగా వేసుకునే ప్రైవేట్ దారి) ఉంటే. ప్యాకెట్‌ని ముక్కలు (ఫ్రాగ్మెంట్) చేయొద్దని చెప్పి 1472 బైట్ల సైజుతో పింగ్ కొట్టండి, హెడర్ల 28 కలిపితే అది 1500. అది పోకుండా 1464 పోతుంటే దారిలో పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే నెట్ లైన్ పద్ధతి) ఉన్నట్టే అనుకోవచ్చు, ఎంటీయూ 1492కి తగ్గించాలి, వీపీఎన్‌కి ఇంకా తక్కువ.

నన్నడిగితే లైన్ అసలు తెగకూడదని పట్టుబట్టడం ఈ ఊళ్లో దండగ, తెగినా ఆగినచోట నుంచి అందుకునేలా పెట్టుకోవడమే తెలివి. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్‌కి పార్షియల్ ఆప్షన్ ఇవ్వకపోతే సగం వచ్చిన ఫైల్‌ని అదే చెరిపేస్తుంది, అందుకని ఆ ఆప్షన్ ఇచ్చి, ఫెయిలైతే ఐదు నిమిషాలాగి మళ్లీ పరిగెత్తేలా స్క్రిప్ట్ రాయండి. 200 జీబీ అంతా మూటకట్టి ఒకే టార్ ఫైల్‌గా పంపేవాళ్లు దయచేసి ముక్కలు చేయండి. చేత్తో మొదలుపెట్టే పనైతే సర్వర్ మీద టీమక్స్‌లో (మీరు డిస్కనెక్ట్ అయినా సెషన్‌ని బతికించి ఉంచే ప్రోగ్రామ్) నడపండి, మీ ల్యాప్‌టాప్ వైఫై పోయినా అక్కడ పని ఆగదు.

కరెంటు విషయంలో అందరూ సర్వర్‌కి యూపీఎస్ పెడతారు, ఫైబర్ వైర్ వచ్చి దూరే ఆ చిన్న తెల్ల డబ్బా అడాప్టర్ మాత్రం మామూలు గోడ ప్లగ్‌లోనే ఉంటుంది. ఈబీ కరెంటు ఒక్క క్షణం పోయినా అది రీస్టార్ట్ అయ్యి మళ్లీ లైన్ పట్టేదాకా బ్యాకప్ గాల్లోనే! ఆ డబ్బా, రౌటర్, స్విచ్ మూడూ యూపీఎస్ మీదకి రావాలి. యూపీఎస్ నేల మీద కాకుండా కాస్త ఎత్తులో ఉండాలని గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకి చెప్పక్కర్లేదనుకుంటా.

స్పేర్‌గా 4జీ డాంగిల్ పెట్టుకుంటే మంచిదే, కానీ దాని మీదకి మారగానే పబ్లిక్ ఐపీ మారి పాత కనెక్షన్ ఎలాగూ పోతుంది, పైగా బ్యాకప్ సర్వర్ ఫైర్‌వాల్‌లో ఆఫీస్ ఐపీకి మాత్రమే దారి ఇచ్చి ఉంటే కొత్తదాన్ని రానే రానివ్వదు. డాంగిల్ ఐపీ ఎప్పుడేముంటుందో చెప్పలేం కాబట్టి వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ మీదుగా పంపండి, వానలు పడకముందే ఒక సాయంత్రం బ్యాకప్ నడుస్తుండగా ఫైబర్ వైర్ పీకి చూడండి.